మూడు మైక్రాన్ల కళాఖండం

మానవ శరీరంలో అందం లేని భాగమంటూ ఏదీ లేదు. ఉన్నదల్లా ఆ అందాన్ని గుర్తించి, నంబరు వేసి, ఫ్రేము కట్టించి, రిబ్బను కత్తిరించే అధికారుల కొరత. పెద్దాసుపత్రి యాజమాన్యం ఈ సత్యాన్ని ఒక సోమవారం ఉదయం కనిపెట్టి, బుధవారం సాయంత్రానికల్లా ఆ కొరత తీర్చేసింది. ల్యాబుకీ మార్చురీకీ మధ్య పాత దుప్పట్లు పడేసే గది ఒకటుంటే, దాన్ని ఖాళీ చేయించి, సున్నం కొట్టించి, 'సూక్ష్మకళా విభాగం' అని బోర్డు తగిలించింది. విభాగానికి ఒక కళాధికారి, ఒక రంగుల సవరణ అధికారి, తొమ్మిది మంది సభ్యులతో ఒక సౌందర్య పరిశీలన కమిటీ. (దుప్పట్లు ప్రస్తుతం వరండాలో ఉన్నాయి. వాటిని కూడా కళగా గుర్తించాలా వద్దా అన్నది పరిశీలనలో ఉంది.)

ఆలోచన మంచిదే. సూక్ష్మదర్శిని కింద కణాన్ని వెయ్యి రెట్లు పెద్దది చేసి చూస్తే ఆధునిక చిత్రకళకి ఏమాత్రం తీసిపోదని, ప్రపంచంలో పేరున్న చిత్రశాలలన్నీ ఇప్పుడు ఇలాంటి బొమ్మలనే గోడలకెక్కిస్తున్నాయని ఎవరో పెద్దమనిషి యాజమాన్యానికి చెప్పాడు. మన గోడల మీద 'ఉమ్మివేయరాదు' తప్ప ఇంకేమీ లేదు కదా అని యాజమాన్యం సిగ్గుపడింది. అందుకని ల్యాబులో కొత్త స్కానరు పెట్టారు. రోగి ఒంట్లోంచి తీసిన ప్రతి ముక్క తాలూకు స్లైడూ ముందుగా ఆ స్కానరులోకి వెళ్తుంది. అక్కడి నుంచి బొమ్మ కమిటీకి వెళ్తుంది. కమిటీ వద్దన్న స్లైడు మాత్రమే డాక్టరు దగ్గరికి వెళ్తుంది. డాక్టరు ముందు చూస్తే గాజు మీద నూనె మరకలు, వేలిముద్రలు పడతాయి కాబట్టి, కళ ముందు, వైద్యం తర్వాత అని నాలుగో నిబంధనలో స్పష్టంగా రాశారు. ఈ నిబంధన వల్ల ఇబ్బంది పడింది ఒక్క రోగులే.

మొదటి నెలలో ఆరోగ్యంగా ఉన్న కణాల బొమ్మలు తెప్పించి చూశారు. అవి వరుస కట్టి నిలబడి ఉన్నాయి. ఒకే సైజు, ఒకే రంగు, మధ్యలో ఒకే దూరం. వీటిలో క్రమశిక్షణ ఉంది, పింఛను వచ్చే లక్షణాలన్నీ ఉన్నాయి, కళ మాత్రం లేదని కమిటీ తేల్చేసింది. కమిటీకి కావాల్సింది కల్లోలం. గుంపులు గుంపులుగా తోసుకొచ్చే ఆకారాలు, చిక్కబడ్డ ఊదారంగు, గీత దాటే తెగువ. రెండో నెల నుంచి అవీ దొరకసాగాయి. ఎందుకు దొరుకుతున్నాయో ఆరా తీయడం కమిటీ పరిధిలోకి రాదు.

గడియారాలాయనకి ఈ సంగతులేవీ తెలియవు. బస్టాండు పక్క సందులో మూడడుగుల గాజుపెట్టె వెనక కూర్చుని, కంటికి భూతద్దం తగిలించుకుని, ముప్పై ఏళ్లుగా చేతి గడియారాలు బాగుచేసుకుంటున్న మనిషి. భార్య ఇంటి ముందు గదిలో కుట్టుమిషను పెట్టుకుని స్కూలు యూనిఫారాలు, కర్టెన్లు, దిండు గలీబులు కుడుతుంది. నెల కిందట ఆవిడ మెడ మీద, చెవికి కాస్త కిందగా, బఠాణీ గింజంత గడ్డ తగిలింది. ఆపరేషన్ల డాక్టరు వేళ్లతో నొక్కి చూసి, "చిన్నదేనమ్మా. ఇప్పుడే తీసేస్తే గీతంత గాటుతో పోతుంది. కాకపోతే లోపల ఏముందో తెలియకుండా నేను కత్తి పట్టను. ముక్క తీసి ల్యాబుకి పంపుతున్నా. వారంలో రిపోర్టు తెండి. పై గురువారం మీకోసం ఖాళీ ఉంచుతా" అన్నాడు.

ముక్క తీశారు. వారం గడిచింది. ఆవిడ భయపడలేదు. భయపడే పని మొత్తం మొగుడికి అప్పజెప్పి, తను కర్టెన్లు కుట్టుకుంటూ కూర్చుంది. ఆయన ఆ పని చాలా శ్రద్ధగా చేస్తున్నాడు. తినేటప్పుడు, నడిచేటప్పుడు, గడియారంలో ముల్లు సరిచేసేటప్పుడు కూడా చేస్తున్నాడు.

ఎనిమిదో రోజున రిపోర్టుల కిటికీ దగ్గర నిలబడ్డాడు. గుమాస్తా చీటీ తీసుకుని, తెర మీద నంబరు వెతికి, ఇంకోసారి వెతికి, కుర్చీలోంచి లేచి నిలబడ్డాడు. ఆ కిటికీ పెట్టిన పద్నాలుగేళ్లలో గుమాస్తా లేచి నిలబడటం ఎవరూ చూడలేదు.

"ఈవిడ మీకేమవుతారండీ?"

"మా ఆవిడ."

"అభినందనలండీ. మీ ఆవిడ ఎంపికయ్యారు."

గడియారాలాయనకి ఆసుపత్రిలో ఎంపికవడం అంటే మంచి మాటలా అనిపించలేదు. "దేనికండీ?" అన్నాడు.

"గోడకి."

"నేనొచ్చింది రిపోర్టు కోసమండీ."

"ఎంపికైనవాటికి రిపోర్టు ఉండదండీ. ప్రశంసాపత్రం ఉంటుంది. అది లామినేషన్‌కి వెళ్లింది."

"ఆ గడ్డ మంచిదో చెడ్డదో ఎవరైనా చెప్పారా?"

గుమాస్తా మళ్లీ తెర వైపు చూశాడు. "తొమ్మిదికి తొమ్మిది ఓట్లు పడ్డాయండీ. ఇంతకంటే మంచిది ఏం కావాలి?"

అక్కడి నుంచి ల్యాబుకి వెళ్లాడు. ల్యాబులో స్లైడులు తయారుచేసే ఆవిడని అందరూ పొరలావిడ అంటారు. రోగి ఒంట్లోంచి వచ్చిన ముక్కని మైనంలో పోతపోసి, ఆ దిమ్మని యంత్రానికి బిగించి, చక్రం తిప్పుతూ వెంట్రుక మందంలో ఇరవయ్యో వంతు ఉండే పొరలు కోస్తుంది. ఆ పొరని గోరువెచ్చటి నీళ్ల మీద తేలనిచ్చి, గాజుపలక మీదకి ఎత్తి, గులాబి, ఊదా రంగులు పడుతుంది. పదకొండేళ్లుగా ఇదే పని. తుమ్మొచ్చినా పక్కగదిలోకి వెళ్లి తుమ్మి వస్తుంది. సంగతంతా విని ఆవిడ స్టూలు లాగి ఆయన్ని కూర్చోబెట్టింది.

"కంగారు పడకండి అన్నయ్యగారూ. నేను కోసింది మూడు మైక్రాన్లే. వాళ్లు పట్టుకుపోయింది ఆ ఒక్క పొరనే. మైనం దిమ్మలో ఇంకా కొన్ని వందల పొరలున్నాయి. చక్రం ఒక్క తిప్పు తిప్పితే ఇంకో స్లైడు. సాయంత్రానికి డాక్టరుగారి బల్ల మీద పెట్టేస్తా."

గడియారాలాయనకి ప్రాణం లేచొచ్చింది. "అయితే తిప్పమ్మా, పుణ్యముంటుంది."

పొరలావిడ గోడవారనున్న ఇనప బీరువా చూపించింది. తలుపుకి లక్కతో ముద్ర వేసి ఉంది. "ఎంపికైనవాటి దిమ్మలన్నీ అందులో పెట్టి సీలు వేశారు. కళాధికారి రాసిస్తేనే తియ్యాలట" అంది. ఆ మాట అంటున్నప్పుడు ఆవిడ ఆయన కళ్లలోకి చూడలేదు.

కళాధికారి ఎండాకాలంలో కూడా మెడకి మఫ్లరు చుట్టుకునే మనిషి. ఎవరినైనా సరే రెండు చేతులతో చెయ్యి పట్టుకుని ఓ పట్టాన వదలడు. గడియారాలాయన చెయ్యి కూడా అలాగే పట్టుకుని, "మీరెంత అదృష్టవంతులో మీకు తెలుసా?" అని మొదలుపెట్టాడు. గడియారాలాయన తనకి తెలియదని ఒప్పుకుని, ఇంకో పొర కోయించమని అడిగాడు.

"ఇంకో పొరా? అంటే నకలు."

"నకలు కాదండీ, అదే ముక్కలోది."

"అదే ముక్కలోది కాబట్టే మరీ ప్రమాదకరమైన నకలు. రేపు రెండూ పక్కపక్కన పెడితే అసలేదో నేను కూడా చెప్పలేను. మీ శ్రీమతిగారి కృతి ఏకైక ప్రతి. 'ఉన్నది ఒకటే, ఇదే' అని వెనకాల రాసి సంతకం పెట్టాను. రెండోది బయటికొస్తే నా సంతకం ఏం కాను?"

"మా ఆవిడ ఏం కానూ అని నేను అడుగుతున్నానండీ."

"ఆవిడ చిరస్థాయిగా నిలిచిపోతారు" అన్నాడు కళాధికారి.

గడియారాలాయనకి ఒళ్లు మండింది కానీ, పని ఉన్నవాడు గొంతు పెంచకూడదని తమాయించుకున్నాడు. "ఒకటే ప్రతి ఎలా అవుతుందండీ? వాళ్లు తీసింది చిన్న ముక్కే. గడ్డ ఇంకా మెడలోనే ఉంది" అన్నాడు.

కళాధికారి అప్పటిదాకా పట్టుకున్న చెయ్యి వదిలేసి, వెళ్లి తలుపు దగ్గరగా వేసి వచ్చాడు. "ఆ సంగతి ఎవరికీ చెప్పకండి" అన్నాడు.

చెప్పకపోయినా తెలియాల్సినవాళ్లకి తెలిసింది. మర్నాడే ఆపరేషన్ల విభాగానికి సర్క్యులర్ వెళ్లింది. ఎంపికైన కృతి తాలూకు మిగులు భాగం కళాకారిణి శరీరంలో నిల్వ ఉన్నట్లు విభాగం దృష్టికి వచ్చిందని, దాని నుంచి మరే ముక్కనూ తీయరాదని, తీసినచో నకలు తయారీ కింద పరిగణించబడుతుందని. గురువారం వచ్చింది, వెళ్లింది. ఆవిడ కోసం ఉంచిన ఖాళీలో ఇంకెవరికో ఆపరేషను చేశారు. ఇంకో ఆసుపత్రికి వెళ్లి చూశాడు. వాళ్లు చాలా మర్యాదగా, కొత్త ముక్క తీసి నకలు కేసులో ఇరుక్కోలేమని చెప్పి, పాత స్లైడు గానీ మైనం దిమ్మ గానీ పట్టుకురండి అన్నారు.

మిగిలింది స్లైడు డాక్టరు. ముక్కల్ని చూసి రిపోర్టు రాసే ఆ పెద్దాయన గది మెట్ల కింద ఉంటుంది. ముప్పై రెండేళ్లుగా సూక్ష్మదర్శిని మీదకి వంగి వంగి, నిలబడినా వంగినట్టే ఉంటాడు. ఆయన కమిటీ నుంచి గడియారాలాయన భార్య బొమ్మని కంప్యూటరులో తెప్పించుకుని, తెర మీద వేసి, చాలాసేపు చూశాడు.

"ఆకుపచ్చగా ఉంది" అన్నాడు చివరికి. "నేను ఇన్నేళ్లలో ఆకుపచ్చ కణం చూడలేదు."

రంగుల సవరణ అధికారిని పిలిపించారు. కుర్రతనం వదలని పెద్దమనిషి, చాలా వినయంగా మాట్లాడాడు. వరండా గోడకి లేత నీలం వేశారని, గులాబి రంగు దాని మీద నప్పలేదని, అందుకని మార్చామని చెప్పాడు. "కుడిచేతి వైపు కొంచెం గుంపుగా ఉందండీ. కంటికి ఊపిరాడటం లేదని పన్నెండు కణాలు తీసేశాం" అన్నాడు.

స్లైడు డాక్టరు కళ్లజోడు తీశాడు. "నాకు కావాల్సింది ఆ పన్నెండే. అవి వెనక్కి తేగలవా?"

"తేలేనండీ. పాతదాని మీదే సేవ్ చేసేశాం."

అధికారి వెళ్లాక గడియారాలాయన లేవలేదు. స్లైడు డాక్టరు కూడా లేవమనలేదు. పెద్దాయన కుర్చీ దగ్గరగా జరిపాడు. "మీకొక మాట చెప్తాను, బయట అనకండి. కమిటీ వద్దని నా దగ్గరికి పంపే స్లైడులున్నాయే, అవన్నీ శుభ్రంగా ఉంటున్నాయి. నాలుగు నెలలుగా ఒక్కదాన్లో కూడా జబ్బు లేదు. చూడటం, ఇబ్బంది లేదని సంతకం పెట్టడం, అంతే నా పని. జబ్బున్నవన్నీ ఎక్కడికి పోతున్నాయో అర్థం కావడానికి నాకు నెల పట్టింది."

గడియారాలాయనకి అర్థమైంది. "గోడకి పోతున్నాయా?"

"ముప్పై ఒకటి ఎంపిక చేశారు. ప్రదర్శన గడువు ముగిసి నా దగ్గరికి వచ్చినవి ఆరు. ఆరింట్లోనూ జబ్బే."

"మరి ఆ సంగతే రాసివ్వండి డాక్టరుగారూ. దాంతో ఆపరేషను చేయించుకుంటాం."

"ఏమని రాయను? కమిటీకి నచ్చింది అనా?"

ఆ రోజు గడియారాలాయన ఆసుపత్రి బయట సిమెంటు బెంచీ మీద చాలాసేపు కూర్చుండిపోయాడు. ఇన్నాళ్లూ ఉన్నది ఒట్టి భయమే. ఇప్పుడు దానికొక ఆకారం వచ్చింది. అయ్యో, దీన్ని ఇంటికెలా మోసుకెళ్లనురా అనుకున్నాడు. పక్కన ఒక వ్యాను డ్రైవరు కూర్చుని ఉన్నాడు. వాళ్లమ్మ ముక్కకి పోయిన నెల మొదటి బహుమతి వచ్చిందట. జ్ఞాపిక ఒళ్లో పెట్టుకుని ఉన్నాడు. అమ్మ ఎలా ఉందని గడియారాలాయన అడగలేదు.

ఇంటికెళ్లి సగం చెప్పాడు. "గోడకెక్కిస్తారట" అన్నాడు.

"నన్నా?" అంది ఆవిడ, మిషను ఆపకుండా.

"నీ గడ్డని."

"పోన్లెండి. పెళ్లయి ఇరవై ఆరేళ్లయింది, మీరు నా ఫోటో ఒక్కటీ ఫ్రేము కట్టించలేదు. ఎవరో ఒకళ్లకి బుద్ధి పుట్టింది." ఆ తర్వాత మిషను ఆపింది. "మీరేదో దాస్తున్నారు. దాచుకోండి. నాకూ కొలతలు తీసుకోవడం వచ్చు. పోయిన వారం టేపు పెడితే ఒకలా ఉంది, ఇవాళ ఇంకోలా ఉంది."

మర్నాడు ఆయన ఎంపిక రద్దుకి దరఖాస్తు పెట్టుకున్నాడు. దానికి ఫారం ఉంది. ఎంపికైన కృతి అందంగా లేదని నిరూపించుకునే అవకాశం ప్రతి పౌరుడికీ ఉంటుంది. (ఈ ఫారాన్ని ఇంతవరకూ ఎవరూ వాడలేదు. తమ వాళ్లది అందంగా లేదని రాసివ్వడానికి జనం మొహమాటపడుతున్నారని విభాగం అంచనా.) గడియారాలాయన మొహమాటపడలేదు. 'నా భార్య మెడలోని సదరు ముక్క ఏ కోణంలో చూసినా వికారంగా ఉన్నదని, దానివల్ల గోడకి చెడ్డపేరు వచ్చునని, కావున దయచేసి దానిని తిరస్కరించి డాక్టరుగారికి పంపవలసినదిగా మనవి' అని గుండ్రటి అక్షరాలతో రాశాడు.

కమిటీ ఆయన్ని విచారణకి పిలిచింది. తొమ్మిది మందీ పొడుగు బల్ల వెనక కూర్చున్నారు. గోడ మీద, ఆకుపచ్చ రంగులో, పన్నెండు కణాలు తక్కువగా, ఆయన భార్య.

"మీ దరఖాస్తు చదివాం" అన్నారు అధ్యక్షురాలు. ఆవిడ చాలా నెమ్మదస్తురాలు. "ఫారాలు పక్కన పెట్టండి. మనసులో మాట చెప్పండి. ఈ బొమ్మ చూస్తే మీకేమనిపిస్తోంది?"

గడియారాలాయన చూశాడు. దారిపొడుగునా అనుకుంటూ వచ్చిన మాటలు చాలా ఉన్నాయి. రంగు బాలేదనాలి, పొందిక లేదనాలి, ఎవరైనా వేస్తారు ఇలాంటిది అనాలి. ఒక్కటీ నోటికి రాలేదు.

"భయమేస్తోందండీ" అన్నాడు. "రాత్రిళ్లు నిద్ర పట్టడం లేదు. కళ్లు మూసుకుంటే ఇదే."

తొమ్మిది మందీ ఒకేసారి రాసుకున్నారు. దరఖాస్తు కొట్టేశారు. అంతేకాదు, సామాన్య వీక్షకుడిలో ఇంతటి తీవ్రమైన అనుభూతిని కలిగించిన కృతిని పక్క వరండాలో ఉంచడం అన్యాయమని భావించి, ప్రధాన మందిరంలోకి మార్చారు.

ప్రారంభోత్సవం అయిదో వారంలో జరిగింది. గడియారాలాయన భార్య తనే కుట్టుకున్న ఎత్తు కాలరు జాకెట్టు వేసుకుని వచ్చింది. కాలరు పై గుండీ పట్టలేదు. బొమ్మని మూడు మీటర్ల వెడల్పున గుడ్డ మీద ముద్రించారు. దాని ముందు, గాజుపెట్టెలో, నాలుగు దీపాల వెలుగులో అసలు స్లైడు. కింద పలక మీద 'స్వేచ్ఛ' అని పేరు. 'కళాకారిణి: అజ్ఞాత, స్త్రీ, నలభై ఏడేళ్లు. తనకు గీసిన హద్దుల్ని ధిక్కరించి, ఇరుగుపొరుగులోకి నిర్భయంగా చొచ్చుకుపోయే జీవశక్తికి ఈ కృతి నీరాజనం' అని వివరణ.

స్లైడు డాక్టరు కూడా వచ్చాడు. చేతిసంచిలో చిన్న సూక్ష్మదర్శిని తెచ్చుకున్నాడు. నాలుగు నిమిషాలు ఇస్తే చాలు, ఇక్కడే నిలబడి చూసేస్తానని కాపలా మనిషిని బతిమాలాడు. కృతికి మీటరు దూరంలో నిలబడి మాత్రమే చూడాలని కాపలా మనిషి తాడు చూపించాడు. మీటరు దూరం నుంచి పనిచేసే సూక్ష్మదర్శినిని ఇంకా ఎవరూ కనిపెట్టలేదు.

ఆవిడ తాడు దగ్గర నిలబడి బొమ్మని చూసింది. మొదట నవ్వుతూనే చూసింది. తర్వాత, గిరాకీ తెచ్చిన పాత బట్టని తిరగేసి చూసినట్టు, ఎడమ నుంచి కుడికి, పై నుంచి కిందకి చూసింది.

"ఏమండీ, ఇటు చూడండి. ఇక్కడిదాకా చక్కటి అంచుంది. మడిచి కుట్టినట్టు. ఇదిగో, ఇక్కడ తెగింది. ఇక్కడ్నించి పోగులన్నీ బయటికొచ్చేశాయి." ఆవిడ వేలు గాల్లోనే ఆగిపోయింది. "ఇది మంచిది కాదు కదూ?"

వెనక నిలబడ్డ స్లైడు డాక్టరు ఆ మాట విన్నాడు. ఆవిడ తిరిగి చూస్తే తల దించుకున్నాడు. అంత అనుభవమున్న డాక్టరు తల దించుకోవడం రిపోర్టుతో సమానమే. కాకపోతే దానికి నంబరుండదు.

అంతలో ముఖ్య అతిథి వచ్చి, కళాకారిణి మీరేనా అని మైకు ఆవిడ నోటి దగ్గర పెట్టాడు. ఈ కృతి ద్వారా సమాజానికి ఏం చెప్పదలుచుకున్నారు అని అడిగాడు.

"దీన్ని నాలోంచి తీసేయమని చెప్పదలుచుకున్నానండీ" అంది ఆవిడ.

హాలంతా చప్పట్లు కొట్టారు. ఒకాయన కళ్లు తుడుచుకున్నాడు. గడియారాలాయన భార్య చెయ్యి గట్టిగా పట్టుకుని, జనం మధ్యలోంచి బయటికి లాక్కొచ్చేశాడు.

ఆ తర్వాత నాలుగు వారాలు ఆయన తిరగని గది లేదు. చివరికి ఆ పని ఆయన వల్ల కాలేదు, దీపాల వల్ల అయింది. స్లైడు మీద పట్టిన రంగులు చీకటి పెట్టెలో ఏళ్లకేళ్లు ఉంటాయి కానీ, పొద్దస్తమానం దీపాల కింద ఉంచితే వెలిసిపోతాయి. ఈ సంగతి పొరలావిడ మొదటి రోజే చెప్పింది. ల్యాబు సిబ్బంది అభిప్రాయాలు కళా విమర్శ కిందకి రావని అప్పుడు ఆమెకి మెమో ఇచ్చారు. తొమ్మిదో వారానికి గాజుపెట్టెలో ఒట్టి గాజు మిగిలింది. కమిటీ సమావేశమై, ఈ శూన్యం అసలు కృతి కన్నా లోతుగా ఉందా లేదా అని రెండు రోజులు చర్చించి, తొమ్మిదిలో అయిదు ఓట్లతో లేదని నిర్ణయించింది. కృతి మరణించినట్లు ధ్రువపత్రం జారీ అయింది. దాంతో ఏకైక ప్రతి అన్న మాట చెల్లకుండా పోయి, బీరువా సీలు ఊడింది.

పొరలావిడ చక్రం ఒక్క తిప్పు తిప్పింది. స్లైడు డాక్టరు నాలుగు నిమిషాలు చూశాడు. రిపోర్టులో 'ఆలస్యానికి కారణం' అన్న గడిలో 'అందం' అని రాశాడు. జాబితాలో ఆ కారణం లేదని గుమాస్తా తిప్పి పంపాడు. పెద్దాయన 'ఇతరములు' అని దిద్ది ఇచ్చాడు.

ఆపరేషన్ల డాక్టరు రిపోర్టు చదివి, ఆవిడ మెడ చూసి, రిపోర్టు బల్ల మీద పెట్టేశాడు. గడ్డ ఇప్పుడు నిమ్మకాయంత ఉంది. కాలర్ బోన్ పైన ఇంకో రెండు తగిలాయి.

"ఇది బఠాణీ గింజ రిపోర్టు. ఇప్పుడున్నది వేరు. మళ్లీ ముక్క తీసి పంపితే తప్ప ఎంతమేర కోయాలో చెప్పలేను" అన్నాడు. సర్క్యులర్ మాట ఎత్తబోయిన నర్సు వైపు ఒక చూపు చూశాడు. ఆమె ఎత్తలేదు.

రెండో ముక్క ల్యాబుకొచ్చిన రోజున పొరలావిడ చక్రం రెండుసార్లు తిప్పింది. ఒక పొర స్కానరుకి వెళ్లింది. ఇంకో పొర ఆవిడ టిఫిను డబ్బాలో, టిష్యూ కాగితం మడతలో, మెట్ల కింద గదికి వెళ్లింది. (ఇది తీవ్రమైన నేరం. దీనికి విధించే శిక్షని విభాగం ఇంకా రూపొందించుకోలేదు.) స్లైడు డాక్టరు చేత్తోనే రిపోర్టు రాసి, చేత్తోనే పట్టుకెళ్లి ఇచ్చాడు. గురువారానికి ఆపరేషను ఖాయమైంది. గీతంత గాటు కాదు. చెవి దగ్గర మొదలై కాలర్ బోన్ దాకా. ఆ గడ్డ కింద నుంచి మూతిని కదిపే నరం ఒకటి పోతుందని, దాన్ని కాపాడతానని మాట ఇవ్వలేనని డాక్టరు ముందే చెప్పాడు. "నవ్వు ఒక పక్కకి పోతుందా? అయితే ఆ పక్క మీరు కూర్చోకండి" అంది ఆవిడ మొగుడితో. స్ట్రెచరు ఎక్కాక మాత్రం ఆయన చెయ్యి వదలలేదు. వేళ్లు ఒక్కొక్కటిగా విడదీయాల్సి వచ్చింది.

తలుపు మీద ఎర్రదీపం వెలిగింది. గడియారాలాయన బయట బల్ల మీద కూర్చున్నాడు. ఒక గంట అయింది. రెండు గంటలయింది. మూడో గంటలో సూక్ష్మకళా విభాగం నుంచి ఒక మనిషి ఆయన్ని వెతుక్కుంటూ వచ్చి, సంతకం పెట్టించుకుని, లామినేషన్ చేసిన కాగితం చేతిలో పెట్టి వెళ్లాడు. రెండో కృతి మీద కమిటీ అభిప్రాయం అది. ఎర్రదీపం వంకే చూస్తూ, మధ్యమధ్యలో కాగితం వంక చూస్తూ, ఆయన దాన్ని మూడు దఫాలుగా చదివాడు. తొలి కృతితో పోలిస్తే ఈ తొమ్మిది వారాలలో కళాకారిణి అసామాన్యమైన పరిణతి సాధించారని, ఆమె ఇదే వేగంతో ముందుకు సాగాలని కమిటీ ఏకగ్రీవంగా ఆకాంక్షించింది.